బుడంకాయ గారికి ఆఖరి పిలుపు

ప్రియమైన లిఫ్టు మేస్త్రి గారికి,

ఫోనులో "తిన్నావా", "తిన్నాను", "మరి మీరు" దాటి మన మాట ఒక్క అడుగు ముందుకు పడడం లేదు కాబట్టి, కాగితం మీద రాసుకుందామన్నారు. సరే, రాస్తున్నాను. ఇరవై రెండేళ్ళ కాపురంలో మీకు నేను రాసే మొదటి ఉత్తరం ఇదే. తప్పులుంటే దిద్దుతూ కూర్చోకండి.

నేను బాగానే ఉన్నాను. కళ్ళజోళ్ళ షాపుకి రోజూ వెళ్తున్నాను. నిన్న ఒక పెద్దాయన కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకునే వచ్చి, పాతది ఎక్కడో పోయింది, కొత్తది చెయ్యమన్నాడు. కడుపుబ్బా నవ్వుకున్నాం. ఇంటికొచ్చి చెబుదామంటే వినేవాళ్ళు లేరు. అందుకని మీకు రాస్తున్నాను.

అసలు సంగతి ఇది. విమానం కంపెనీవాళ్ళు మళ్ళీ మెయిల్ పంపారు. "ప్రియమైన బుడంకాయ గారూ, మీ ప్రయాణ క్రెడిట్‌కి ఇంకా రెండు నెలలే గడువు. లోకం మీకోసం ఎదురుచూస్తోంది, బయల్దేరండి!" అట. పిల్ల పోయి పది నెలలైంది. మంచు చూడ్డానికి వెళ్దామని తీసిన మూడు టికెట్లనీ ఆస్పత్రి వరండాలో నిలబడి మీరే రద్దు చేశారు. ఎవరి టికెట్టు విలువ వాళ్ళ పేరుమీదే క్రెడిట్‌గా ఉంచుతాం, ఏడాదిలోగా వాడుకోండి, ఇంకొకరికి ఇవ్వడం కుదరదు అన్నారు. మనిషే లేనప్పుడు క్రెడిట్టెందుకండీ?

పదేళ్ళ కిందట ఖాతా తెరిచినప్పుడు, తొమ్మిదేళ్ళ పిల్లకి మెయిల్ ఎక్కడిదని నాది ఇచ్చారు. ఇప్పుడవన్నీ నా ఫోనులోనే వచ్చి పడుతున్నాయి. ఎవరి ముక్కుమీదో ఫ్రేము సరిచేస్తుంటే టింగుమంటుంది. చూస్తే, బుడంకాయ గారూ! ఎన్నిసార్లని మొహం పక్కకి తిప్పుకోను?

ఖాతా మీది. వాళ్ళకి చెప్పి దాని పేరు తీయించండి. నాకింకేం వద్దు. మీరు ఇంటికొచ్చి నాలుగు నెలలైంది. ఊళ్ళో లిఫ్టులన్నీ మీ ఒక్కరి చేతిమీదే నడుస్తున్నాయా ఏం?

ఉంటాను,
మీ అద్దాలావిడ

*

ప్రియమైన అద్దాలావిడకి,

ఉత్తరం అందింది. పెద్దాయన కళ్ళజోడు సంగతి చదివి నేనూ నవ్వాను. నీకో జోకు చెప్పనా? ఇక్కడ కంపెనీ నాకిచ్చిన గది నాలుగో అంతస్తులో ఉంది. ఆ ఇంటికి లిఫ్టు లేదు. రోజంతా జనాన్ని పైకెక్కించి, సాయంత్రం డెబ్బై రెండు మెట్లెక్కి పడుకుంటున్నాను.

ఆ పేరు విషయంలో తప్పంతా నాదే. కంపెనీ పనిమీద విమానాల్లో తిరిగి తిరిగి పాయింట్లు పోగైతే, కుటుంబమంతా ఒకే ఖాతాలో చేరొచ్చన్నారు. మొదటి గడిలో నా పేరు, రెండో గడిలో నీ పేరు రాశాను. మూడో గడి దగ్గర చెయ్యి తనంతట తానే బుడంకాయ అని కొట్టేసింది. ఇంట్లో ఎప్పుడైనా ఇంకో పేరుతో పిలిచామా, గుర్తుండడానికి? వారం రోజులు నన్ను ఉతికి ఆరేశావు.

టికెట్లు చూసినప్పుడు అది చేసిన గోల గుర్తుందా? "నాన్నా, ముందు ఆ పేరు మార్పించు. పంతొమ్మిదేళ్ళొచ్చాయి నాకు. ఎయిర్‌పోర్టులో మైకులో బుడంకాయ అని పిలిచారనుకో, చచ్చినా పలకను" అంది. "పలక్కపోతే నిన్ను వదిలేసి మేమిద్దరం మంచులో ఆడుకుంటాం" అన్నాను. పేరు మార్చమని అర్జీ పెట్టాం. జవాబు వచ్చేలోపే దానికి జ్వరం వచ్చింది.

నువ్వన్నది సబబే. కానీ ఖాతా సంగతి ఇప్పుడే ఎత్తకు. గడువైతే క్రెడిట్ దానంతటదే పోతుంది. అంతవరకూ ఉండనీ. మెయిళ్ళు చదవకుండా తీసెయ్యి.

రేపు ఇంకో ఊళ్ళో పని, మళ్ళీ విమానం. వేళకి తిను.

నీ
లిఫ్టు మేస్త్రి

*

ప్రియమైన మేస్త్రి గారికి,

ఉండనీ అన్నారు. ఉండనివ్వలేకపోయాను. మీతో చెప్పకుండా దాని మరణ ధ్రువపత్రం నేనే వాళ్ళకి పంపాను. వాళ్ళ జవాబు ఉన్నదున్నట్టు రాస్తున్నాను, చదవండి. "మీరు పంపిన పత్రంలోని పేరు మా సభ్యురాలి పేరుతో సరిపోలడం లేదు. కావున బుడంకాయ గారి సభ్యత్వం యథాప్రకారం కొనసాగుతుంది."

నవ్వానో ఏడ్చానో నాకే తెలీదు. లోకంలో ఒక్క ఆఫీసులోనైనా నా కూతురు బతికే ఉందన్నమాట, మీ పొరపాటు పుణ్యమా అని.

ఫోను చేశాను. నలభై నిమిషాలు పాట వినిపించాక ఒకావిడ పలికింది. మంచి మనిషి. "ఈ రెండు పేర్లూ ఒక్కరివేనని తల్లీ తండ్రీ సంతకం చేసి ఇవ్వండమ్మా, మూసేస్తాం" అని ఫారం పంపింది. ఇందులోనే పెడుతున్నాను. ముందు మీరు సంతకం పెట్టి పంపండి, పక్కన నేను పెడతాను.

ఇంకో మాట. ఆవిడ కంప్యూటర్లో చూసి, "బుడంకాయ గారి క్రెడిట్ చాలావరకు వాడేశారు కదమ్మా" అంది. ఎవరు వాడారని అడిగితే, ఖాతాదారుని అడగమంది. నేనేమో ఒక్కసారైనా విమానం ఎక్కిన మొహం కాదు. అది ఎక్కకుండానే పోయింది. మిగిలింది మీరు. ఒకరి క్రెడిట్ ఇంకొకరు వాడకూడదంటారు కదా, మరి మీరెలా వాడారు? కోపం లేదు. తెలియక అడుగుతున్నాను.

జవాబు వెంటనే రాయండి.

మీ
అద్దాలావిడ

*

అయ్యా,

పదిహేను రోజులైంది. ఫారం లేదు, ఉత్తరం లేదు. ఫోనెత్తితే తిన్నావా అంటారు. తిన్నానండీ, మీ మౌనం తిని కడుపు నిండింది.

ప్రకటనలే కదా అని చదవకుండా వదిలేసిన మెయిళ్ళన్నీ ఇవాళ కూర్చుని తీశాను. "బుడంకాయ గారూ, మీరు ప్రయాణానికి రాలేదు." ఇలాంటివి నాలుగున్నాయి. నాలుగూ మీరు ప్రయాణం చేసిన తేదీలే, మీరు ఎక్కిన విమానాలే. దాని పేరుమీద మీ పక్కన సీటు ఎవరికోసం కొంటున్నారు? ఆ వచ్చేదెవరు? వస్తానని రాకుండా పోతున్నదెవరు? నేను ఏమేం ఊహించుకున్నానో రాస్తే మీరు నా మొహం చూడరు.

నిజం చెప్పండి, ఎంత చేదైనా మింగుతాను. చెప్పకపోతే మాత్రం ఇంక నాకేమీ రాయకండి.

ఇట్లు,
బుడంకాయ వాళ్ళమ్మ

*

ప్రియమైన అద్దాలావిడకి, మా బుడంకాయ వాళ్ళమ్మకి,

ఎవరూ లేరే. నువ్వు ఊహించుకున్నవాళ్ళెవరూ లేరు. చెప్పడానికి సిగ్గేసి ఇన్నాళ్ళూ నోరు కుట్టేసుకున్నాను.

మొదటిసారి పొరపాటే. నాకు టికెట్టు తీసుకుంటుంటే ఖాతాలో దాని పేరు పక్కన గుర్తు పడిందిట, నేను చూసుకోలేదు. చెకిన్ కూడా ఇద్దరికీ కలిపే అయిపోయింది. గేటు దగ్గర కూర్చుని నా పనిముట్ల జాబితా రాసుకుంటున్నాను. అందరూ ఎక్కేశారు. ఇంతలో మైకులో, "ప్రయాణికురాలు బుడంకాయ, ఎక్కడున్నా వెంటనే గేటు దగ్గరికి రావలెను" అని పిలిచారు.

నేను వెనక్కి తిరిగి చూశాను. నిజంగా చూశానే. నీళ్ళసీసా నింపుకుని వస్తోందేమోనని చూశాను.

పక్కన ఎవరో "బుడంకాయట!" అని నవ్వారు. నాకు కోపం రాలేదు. అది పోయినప్పట్నుంచీ దాని పేరెత్తితే అందరూ తల దించుకుంటున్నారు. మొదటిసారి ఎవరో నవ్వారు. అది వింటే ఎంత మండిపడేదో అనుకున్నాను. గేటు అమ్మాయి నా దగ్గరికొచ్చి, "మీతో రావాల్సినావిడ ఏరండీ?" అంది. "వస్తుందేమో, ఇంకోసారి పిలవండి" అన్నాను. వాళ్ళు మూడుసార్లు పిలుస్తారు. మూడోది ఆఖరి పిలుపు. ఆ తర్వాత తలుపు వేసేస్తారు, ఎవరు బతిమాలినా తియ్యరు.

తర్వాత మూడుసార్లూ తెలిసే చేశాను. క్రెడిట్ దానిదే, దాని పేరుమీదే టికెట్టు. తప్పో ఒప్పో నాకు తెలీదు. తరచూ తిరిగేవాళ్ళకిచ్చే వెండి కార్డువాణ్ణి, అందరికంటే ముందు ఎక్కనిస్తారు. అయినా ఆ మూడు పిలుపులూ అయ్యేదాకా కుర్చీలోంచి లేచేవాణ్ణి కాదు. ఇంట్లో మనం దాన్ని పిలవలేం. ఫోటో ముందు నిలబడి పిలిస్తే పిచ్చివాడంటారు. అక్కడైతే ఒక యూనిఫారం వేసుకున్న మనిషి, బాధ్యతగా, అంత పెద్ద హాలంతా వినిపించేలా పిలుస్తుంది. వాళ్ళు దానికోసం విమానాన్ని ఆపుతారే. రెండు నిమిషాలైనా ఆపుతారు. ఆ రెండు నిమిషాలూ, పేరుమీద కోపంతోనైనా పరిగెత్తుకుంటూ వస్తుందేమోనని చూస్తూ కూర్చునేవాణ్ణి.

ఇంటికి ఎందుకు రావడం లేదని అడిగావు. అక్కడ దాన్ని ఎవరూ పిలవరని.

ఫారం మీద సంతకం పెట్టాను. ఇందులో ఉంది. క్రెడిట్ ఇంకొక్క ప్రయాణానికి సరిపోయేంత మిగిలింది, నెలాఖరుతో అదీ పోతుంది. నేనిక ముట్టుకోను. నువ్వు ఎలా అంటే అలాగే.

నన్ను క్షమించు.

నీ
లిఫ్టు మేస్త్రి

*

ప్రియమైన మీకు,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను, చేతికే ఇస్తాను. విమానంలో కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే గాలిని తిట్టండి.

మీ ఉత్తరం చదివి, మిమ్మల్ని ఏమేం అనుకున్నానో తలుచుకుని లెంపలేసుకున్నాను. తర్వాత ఫారం తీశాను. మీ సంతకం పక్కన నాది పెట్టాలి కదా. మూడు రోజులు పెన్ను దొరకలేదండీ. షాపు నిండా పెన్నులే. మూయించండి మూయించండి అని మీ ప్రాణం తీసినదాన్ని, నా వంతు వచ్చేసరికి చెయ్యి రాలేదు. రెండు పేర్లూ ఒక్కరివే అని నేను ఒప్పుకుంటే, పోయింది బుడంకాయే అని ఒప్పుకున్నట్టే కదా.

అందుకని నా పేరుమీదున్న క్రెడిట్‌తో నాకు, దాని క్రెడిట్‌తో దానికి, మీ ఊరికి టికెట్లు తీశాను. పక్కింటమ్మాయి దగ్గర కూర్చుని చెకిన్ చెయ్యడం నేర్చుకున్నాను. "ప్రయాణానికి సిద్ధమేనా?" అని ఫోను అడిగింది. దాని తరఫున అవునని నొక్కాను.

గేటు దగ్గర గంట ముందే కూర్చున్నాను. నాకు విమానమే కొత్త, వరసలూ తెలీవు. ముందు కార్డులవాళ్ళు, తర్వాత చంటిపిల్లల తల్లులు, ఆ తర్వాత మిగిలినవాళ్ళు. అందరూ వెళ్ళిపోయాక హాలు బావురుమంది. అప్పుడు పిలిచింది గేటు అమ్మాయి. "బుడాన్ కయా" అంది. ఒళ్ళు మండిపోయింది. లేచి వెళ్ళి, "బుడంకాయ, అమ్మా. బుడంకాయ. సరిగ్గా పిలవండి" అన్నాను. "మీరేనాండీ?" అంది. "కాదు, వాళ్ళమ్మని" అన్నాను.

రెండోసారి సరిగ్గా పిలిచింది. మీరు రాసింది నిజమే. అంత పెద్ద హాలు, అంత మంచి గొంతు. నేనూ వెనక్కి తిరిగి చూశాను.

"ఎక్కడుందండీ మీ అమ్మాయి? ఇంకొక్క పిలుపే, తర్వాత తలుపు వేసెయ్యాలి" అంది. పిలవమన్నాను. మూడోసారి పిలిచింది. అటువైపు నీళ్ళ కుళాయి దగ్గర ఎవరూ లేరు. మెట్లమీద ఎవరూ లేరు. గేటు అమ్మాయి తలుపు మీద చెయ్యి వేసి, పాపం, నా మొహం చూస్తూ ఆగింది. నేను చెప్తేగాని వెయ్యలేనన్నట్టు నిలబడింది.

"రాదమ్మా, వేసెయ్యండి" అన్నాను.

ఆ మాట ఇన్నాళ్ళలో నా నోటివెంట రావడం అదే మొదలు. ఆస్పత్రిలోనూ అనలేదు, ఆఖరికి మట్టి వేసినప్పుడూ అనలేదు. నన్ను లోపలికి పంపి, నా వెనకే తలుపు వేసేసింది.

నా పక్కన కిటికీ సీటు ఖాళీగా ఉంది. అది కిటికీ పక్కనే కావాలనేది కదా, అదే తీశాను. నేను అటు జరగలేదు. సీటు ముందున్న చిన్న బల్ల దించుకుని, ఫారం పెట్టుకుని, మీ పక్కన సంతకం చేశాను. రేపు ఇద్దరం కలిసి వెళ్ళి పోస్టు చేద్దాం. ఆ తర్వాత మీరు నాతో ఇంటికి రావాలి. అక్కడ దాన్ని రోజూ గట్టిగా పిలుద్దాం. ఎవరేమనుకుంటే మనకేం?

చచ్చినా పలకనంది కదండీ. మొండిది. పలకలేదు.

ఇది చదివాక ఓదార్పు మాటలేవీ చెప్పకండి. పెళ్ళైన దగ్గర్నుంచి "ఏమే" అనీ, "అద్దాలావిడా" అనీ పిలవడమే తప్ప, నన్ను ఒక్కసారైనా పేరు పెట్టి పిలిచారా? ఇవాళ పిలవండి. నేను పలుకుతాను.

మీ
నేను