కొట్టినది కుడిచెయ్యే

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా కూతురు తమ స్కాను టెక్నీషియనును కొట్టినది కుడిచేతితోనే అని రికార్డు చేయుట, ఆపివేసిన ఫిజియోథెరపీని తిరిగి ఇప్పించుట గురించి.

1. నా కూతురు బస్సు కండక్టరు. మెదడులో ఎడమపక్క రక్తనాళం పూడుకుపోయి కుడిచెయ్యి పడిపోగా, తమ ఆసుపత్రిలో చేర్పించితిని. చెయ్యి ఆడిస్తే మెదడులో ఆ చేతిని నడిపే చోటికి రక్తం పరుగెత్తునట, అది స్కానులో కనబడునట. గొప్ప మిషను. దానిమీద నాకు కోపం లేదు. కోపమంతా మనుషులమీదే.

2. సదరు స్కానులో "పిడికిలి బిగించు" అని హెడ్‌ఫోన్లలో చెప్పిరట. ఆ హెడ్‌ఫోన్లు పనిచేయవు. లోపల రోడ్డు తవ్వుతున్నంత మోత. పైగా టెక్నీషియను ముందే "కదిలావంటే మళ్ళీ మొదటికొస్తుంది, జాగ్రత్త" అని బెదిరించి పడుకోబెట్టినాడు. అప్పటికే వేళ్ళు కాస్త ముడుస్తున్న పిల్ల, బొమ్మలా పడుకున్నది. తమవారు "రక్తప్రసరణలో మార్పు లేదు, చెయ్యి తిరిగి రాదు" అని రాసి ఫిజియోథెరపీ ఆపేసినారు. హెడ్‌ఫోన్ల జబ్బు నా కూతురికి అంటగట్టినారు.

3. రిపోర్టు చేతికిచ్చిన రోజున ఆ టెక్నీషియను ఆమె కుడిచేతిని పైకెత్తి వదిలేసి, "చూశావా పెద్దాయనా, కట్టెముక్క. ఆశలు పెట్టుకోకు" అన్నాడు. అదే చెయ్యి, అయ్యా, అదే చెయ్యి లేచింది! చెంప ఛెళ్ళుమన్నది. ఆయన కళ్ళజోడు బల్లకిందికి పోయింది. నా కూతురు తన చేతిని తానే చూసుకుని, "నాన్నా, ఇది నాదేనా?" అన్నది. నేను గంతులేసిన మాట, వార్డులో ముక్కూమొహం తెలియనివాళ్ళను కౌగిలించుకున్న మాట, "ఇంకొక్కటి వెయ్యి తల్లీ" అన్న మాట నిజమే. ఆ దెబ్బ గురించి తమవారు మామీద పెట్టిన ఫిర్యాదులో నామీద రాసినవన్నీ ఒప్పుకుంటున్నాను. తక్కువే రాసినారు.

4. ఇప్పుడు తమ గుమాస్తా రాజీకి పిలిచి, "ఎడమచేత్తో కొట్టిందని రాసివ్వు తాతా. ఫిర్యాదు ఉండదు, రిపోర్టు జోలికీ ఎవరూ పోరు. నీకేం పోయింది?" అంటున్నాడు. నాకేం పోయిందా? లేచిన చేతిని మళ్ళీ నన్నే పడగొట్టమంటాడా! మంచంమీంచి నా కూతురు, "రాసిచ్చావో, నీక్కూడా పడుతుంది" అన్నది.

"దేనితోనే?" అన్నాను.

"కుడిదాంతోనే."

ఎంత సంతోషమయ్యా ఆ మాట వినడం!

5. కావున మనవి. చెయ్యి చచ్చినదైతే ఫిర్యాదు అబద్ధం. ఫిర్యాదు నిజమైతే రిపోర్టు అబద్ధం. రెంటిమీదా తమ సంతకమే ఉన్నది. ఏదో ఒకటి చించండి. ఫిర్యాదును మాత్రం చించవద్దు, అందులో "కుడిచేతితో బలముగా కొట్టినది" అని ఉన్నది. మా గురించి ఈ ఆసుపత్రిలో ఇంత మంచి మాట ఇంకెవరూ రాయలేదు. హెడ్‌ఫోన్లు బాగుచేయించి మళ్ళీ స్కాను తీయించవలెను. ఫిజియోథెరపీ మాత్రం రేపే మొదలుపెట్టించవలెను. ఆ దెబ్బ తరువాత చెయ్యి మళ్ళీ వాలిపోయినది. ఆలస్యమైతే ఆ పాపం తమదే.

ఇదంతా తమరు కోపం రాకుండా చిత్తగించవలెను. వచ్చినా చిత్తగించవలెను.

ఇట్లు,
రాజీ విషయంలో తప్ప తమ విధేయుడు,
కండక్టరమ్మ తండ్రి

తా.క. మళ్ళీ స్కాను తీసేటప్పుడు, లోపలికి పంపేముందు ఆ టెక్నీషియనును ఒక్కసారి మా పిల్లకు చూపించండి. పిడికిలి బిగించమని ఎవరూ చెప్పనక్కరలేదు.