చక్రానికి తాళం

ఐనవిల్లి,
నవంబరు 9.

ప్రియమైన అమ్మకు,

నీ పెద్దకూతురు పుష్పలత వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ ఆయనా, పిల్లలూ, నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, చెల్లి శారోన్ కుటుంబమూ కులాసాగా ఉన్నారనీ, పాపాయి బోర్లా పడుతోందనీ చదివి అందరం సంతోషించాం. ఫోన్లో నేనెంత అరిచినా నీకు సగమే వినబడుతుంది, మిగతా సగం శారోన్ తనకు తోచినట్టు చెబుతుంది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. మన వీధి బెన్నీ సెలవు అయిపోయి గురువారం బహ్రెయిన్ తిరిగి వస్తున్నాడు. అతని చేతికిస్తున్నాను. దీన్ని నువ్వొక్కదానివే చదువుకో.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. చర్చి పైకప్పు పని సగంలోనే ఆగింది. మొన్నటి వానలకు రెండు ఆదివారాలు గొడుగులు వేసుకునే ప్రార్థన చేశాం. మీ అల్లుడుగారి మోకాలు తగ్గింది, మళ్ళీ సైకిలు తొక్కుతున్నారు. పెద్దవాడు లెక్కలంటే ఇంకా పారిపోతున్నాడు. నీ గదిలో ఎవరినీ పడుకోనివ్వడం లేదు, నీ పెట్టె నువ్వు పెట్టినచోటే ఉంది.

ఇక చివర్లో అడిగావు. "అప్పాయమ్మ ఏడాదిగా ఒక్క ముక్క రాయలేదేం? చేతి బెణుకు ఇంకా తగ్గలేదా?" అని. దాని పక్కనే ఇంకో మాట రాశావు. నేను పార్కింగు కంపెనీ మీద కేసు గెలిచానని శారోన్ చెప్పిందట, "శభాష్ తల్లీ" అన్నావు. ఆ రెండు వాక్యాలూ నీకు వేరు వేరు సంగతులు. నాకు కావు. అప్పాయమ్మది బెణుకు కాదమ్మా. నేను అబద్ధం రాశాను.

కిందటేడు అక్టోబరులో, రెండో శనివారం, బడికి సెలవు. రాఘవులుగారి కొబ్బరి కొట్టు వెనక పీచు డొక్కలు ఎత్తుతుంటే రక్తపింజరి అప్పాయమ్మను కుడిచేతి మీద కాటేసింది. కొట్టువాళ్ళు పరిగెత్తుకుంటూ మనింటికి వచ్చారు. అంబులెన్సు రావడానికి ముప్పావుగంట పడుతుందన్నారు. కారు తీసి, ఆవిణ్ణి వెనక సీట్లో పడుకోబెట్టి అమలాపురం తీసుకెళ్ళాను. ఊరి బయట కొత్తగా కట్టిన ప్రైవేటు ఆసుపత్రి ఉంది. అంత అద్దాల మేడ కదా, అన్నీ ఉంటాయనుకున్నాను. అత్యవసర విభాగం గుమ్మం ముందే కారు ఆపి లోపలికి తీసుకెళ్ళాం. డాక్టరు చూసి, "విషానికి ఇంజక్షన్ అయిపోయిందండి. ప్రభుత్వాసుపత్రిలో ఉంటుంది, పది నిమిషాల దారి. వెంటనే తీసుకెళ్ళిపోండి" అన్నాడు. మేము లోపలున్నది ఏడెనిమిది నిమిషాలు. బయటికొచ్చి అప్పాయమ్మను సీట్లో కూర్చోబెట్టి చూద్దును కదా, ముందు చక్రానికి పసుపు రంగు తాళం. అద్దానికి కాగితం. నిషేధిత స్థలంలో వాహనం నిలిపినందుకు రెండు వేలు.

పక్కనే ఖాకీ చొక్కా తొడుక్కున్న మనిషి, నాగబాబు అని జేబు మీద పేరు, నలభై దాటి ఉంటాయి. తాపీగా నిలబడి ఉన్నాడు.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"నో పార్కింగండి. రెండు వేలండి. ఇక్కడ స్కాన్ చేసి కట్టేరనుకోండి, కోడు వస్తదండి. కోడు కొడితే తాళం వచ్చేస్తదండి."

"కారులో పాము కరిచిన మనిషి ఉందండీ! కనబడటం లేదా?"

"ఆయ్, చూస్తన్నానండి. నా చేతిలో ఏం లేదండి. తాళం ఏసేది నేనండి, తీసేది హైదరాబాదోళ్ళండి."

ఆ "చూస్తన్నానండి" అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో పురుగులా తిరుగుతోంది. ఎంత మర్యాదగా అన్నాడో!

చివరికి డబ్బు కట్టాక తాళం ఊడింది. ప్రభుత్వాసుపత్రిలో ఇంజక్షన్లు చేశారు. అప్పాయమ్మ బతికింది. కానీ చెయ్యి నల్లబడి, పదిరోజుల తరవాత కుడిచేతి బొటనవేలూ, చూపుడువేలూ తీసేశారు. నువ్వు మన అరుగు మీద పలక పట్టించి నేర్పిన అక్షరాలు ఆ వేళ్ళతోనే కదా రాసేది. అందుకే నీకు ఉత్తరం లేదు.

ఆవిడ ఇంకా ఆసుపత్రిలో ఉండగానే కంపెనీ నుంచి ఇంకో నోటీసు వచ్చింది. "గౌరవనీయ వాహనదారులకు" అని మొదలు. గుమ్మం దగ్గర మా వాహనం ఇరవయ్యొక్క నిమిషాలు అదనంగా నిలిచి ఇతరులకు అడ్డమైనందుకు మరో మూడు వేల అయిదు వందలట. తాళం వేసి కదలకుండా చేసింది వాళ్ళు. కదలనందుకు జరిమానా నాకు. చదువుతుంటే మురుగ్గుంటలో చెయ్యి పెట్టినట్టు అనిపించిందమ్మా. ఎన్నిసార్లు రాసినా అవే రెండు వాక్యాలు జవాబు, మనిషి రాసినవి కావు. ఆసుపత్రి మేనేజరు అభిషేక్ అని ఒకాయన, "పార్కింగుకీ మాకూ సంబంధం లేదు మేడమ్, అది కాంట్రాక్టు" అన్నాడు టీ తాగుతూ. ఆ కంపెనీ బోర్డు ఆయన కిటికీకే వేలాడుతోంది. మున్సిపాలిటీకి సమాచార హక్కు కింద అర్జీ పెట్టాను. వాహనాలు నిలిపే రుసుము వసూలుకు తప్ప, చక్రాలకు తాళం వేసే అధికారం ఎవరికీ ఇవ్వలేదని నెల తరవాత కాగితం ఇచ్చారు. ఆ కాగితం పట్టుకుని వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాను. జరిమానాలు రద్దు చెయ్యాలనీ, అప్పాయమ్మ చేతికి పరిహారం ఇప్పించాలనీ కోరాను.

స్టాఫ్ రూములో నేను పెద్ద వీరనారినైపోయాను. పాస్టరుగారు ప్రసంగంలో నా పేరు చెప్పారు. అందరికీ ఒకటే చెప్పాను. "ఇరవయ్యొక్క నిమిషాలు ఆపేశారండీ ఆ దుర్మార్గులు." నిజమే. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మిగిలిన సగం చెప్పలేదంతే.

అమ్మా, ఆ రోజు నా ఫోన్లో ఆ నెల జీతం ఉంది. స్కాన్ చెయ్యడానికి అర నిమిషం చాలు. నేను చెయ్యలేదు. న్యాయం నాది కదా, ఎందుకు కట్టాలి అని వాదించాను. మేనేజర్ని పిలవమన్నాను. తాళాన్ని నాలుగు పక్కల నుంచీ వీడియో తీశాను. వెనక నుంచి అప్పాయమ్మ, "టీచరమ్మగారూ, ఇచ్చేయండి. నేను కాయలు ఒలిచి తీర్చేసుకుంటానండి" అంది. "నువ్వుండు అప్పాయమ్మా, వీళ్ళ సంగతి తేలుస్తాను" అన్నాను. నా చుట్టూ నలుగురు చేరారు. "బాగా అడుగుతున్నారు మేడమ్" అన్నారెవరో. ఆ మాట నాకు తియ్యగా ఉంది. అదీ రాసేస్తున్నాను, తియ్యగా ఉంది. రెండోసారి ఆవిడ, "టీచరమ్మగారూ, ఈ చెయ్యి నాది కానట్టుందండి" అంది. అప్పుడు తిరిగి చూశాను. మోచేతి దాకా ఉబ్బిపోయి ఉంది. అప్పుడు కట్టాను.

ప్రభుత్వాసుపత్రి డాక్టరును తరవాత అడిగాను, ఆ ఇరవై నిమిషాల వల్లేనా అని. "చెప్పలేమమ్మా. పింజరి విషం అలాంటిది. ఎంత ముందొస్తే అంత మంచిది, అంతే" అన్నారు. ఔననలేదు, కాదనలేదు. ఏడాదిగా ఆ రెంటి మధ్యా పడుకుంటున్నాను.

ఇంకా ఉంది. కమిషన్‌కు ఇచ్చిన ఫిర్యాదులో, "ఆ సమయంలో నా వద్ద డబ్బు లేక, ఇంటినుంచి తెప్పించుకునేసరికి జాప్యమైనది" అని రాసి సంతకం పెట్టాను. పరీక్షల్లో పిల్లల కాపీలు పట్టుకునే ఈ చేత్తోనే.

కిందటి నెల విచారణకు అప్పాయమ్మను కూడా తీసుకెళ్ళాను. కంపెనీ తరఫు లాయరు పద్మశ్రీగారని, చిన్న వయసే. గుమ్మం కెమెరా బొమ్మలు వేసి చూపించింది. తెర మీద నేను చేతులు తిప్పుతూ, వేలు చూపిస్తూ, ఫోను ఎత్తి పట్టుకుని. వెనక అద్దంలో అప్పాయమ్మ తల, ఒకసారి పైకి లేచి మళ్ళీ వాలిపోయింది. ఆ రోజు నేను అటు చూడలేదు.

"టీచరుగారూ, అప్పుడు మీ ఎకౌంటులో డబ్బులు లేవాండీ?" అంది పద్మశ్రీగారు.

లేవని చెప్పడానికే నోరు తెరిచాను. వెనక బల్ల మీద అప్పాయమ్మ కుడిచెయ్యి కొంగులో చుట్టుకుని కూర్చుంది. నా వీపుకేసి చూస్తోందని తెలుస్తూనే ఉంది.

"ఉన్నాయండి" అన్నాను.

"మరి ఇరవయ్యొక్క నిమిషాలు ఏం చేసేరండీ?"

"వాదించేనండి."

"ఫిర్యాదులో రాసింది?"

"అబద్ధమండి."

తీర్పు వారం తరవాత వచ్చింది. తాళం వెయ్యడం చట్టవిరుద్ధం, రెండు జరిమానాలూ చెల్లవు, నా డబ్బు నాకు తిరిగి ఇవ్వాలి. తప్పుడు మాట రాసినందుకు నాకు మందలింపు. అప్పాయమ్మ చేతికి పరిహారం మాత్రం లేదు. డబ్బుండి కూడా ఫిర్యాదుదారే జాప్యం చేసినందున ఆ నష్టం కంపెనీ మీద వెయ్యలేమన్నారు. నేను గెలిచాను. ఆవిడ ఓడిపోయింది. పేపర్లో నా ఫోటో వేశారు. ఇప్పుడు ఆ ఆసుపత్రి దగ్గర తాళాలు లేవు, గేటు పెట్టారు, రుసుము రెట్టింపు చేశారు. మా సేవలకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని మొన్న ఆ కంపెనీ నా ఫోనుకి సందేశం పంపింది. ఒళ్ళంతా కంపరమెత్తింది. వాళ్ళ మీదో, నా మీదో చెప్పలేను.

విచారణ రోజు తిరిగి వస్తూ దారిలో కారు ఆపేశాను. "అప్పాయమ్మా, ఇన్నాళ్ళూ నీ దగ్గర దాచాను. ఇవాళ విన్నావు కదా, ఆ రోజు నా దగ్గర డబ్బుంది" అన్నాను.

"ముందే తెలుసండి" అంది. "నేను వెనక సీట్లోనే ఉన్నాను కదండీ."

"మరి ఎవరితోనూ అనలేదేం?"

"మీరే చెప్తారేమోనని చూసేనండి."

తిట్టలేదు, ఏడవలేదు. వాళ్ళ వీధి మొగలో దిగి, ఎడంచేత్తో తలుపు వేసి వెళ్ళిపోయింది. పరిహారం లేదని తీర్పు వచ్చాక నేనే వెళ్ళి చెప్పాను. "ఆయ్" అంది. అంతే. నా జీతంలోంచి నెలనెలా ఇస్తానంటే, "మీ అమ్మగారిని అడిగి చెప్తానండి" అంది. అడుగుతుంది. కూతురు లక్ష్మీతులసి చేత నీకు రాయిస్తుంది. ఆ ఉత్తరం నీకు చేరేలోగా నేనే నీకు చెప్పాలనే ఇదంతా.

దేవుడు క్షమిస్తాడని నాకు రాయకు. కంపెనీవాళ్ళు దుర్మార్గులనీ రాయకు, అది నాకు తెలుసు. నువ్వూ ఆవిడా ఒకే కొట్లో పక్కపక్కన కూర్చుని కాయలు ఒలిచినవాళ్ళు. ఇన్నాళ్ళూ నన్ను తొలుస్తున్నది ఒక్కటే అమ్మా. ఆ వెనక సీట్లో అప్పాయమ్మ కాక నువ్వుంటే, నేను ఎన్ని నిమిషాలు వాదించేదాన్ని?

ఒక్క నిమిషం కూడా కాదు.

ఇట్లు,
నీ ముఖం ఎలా చూడాలో తెలియని నీ పెద్దమ్మాయి,
పుష్పలత