నెవిల్ వారి ఇంటిపేరు

దివంగత నాయనమ్మగారి దివ్యసముఖమునకు, కొత్తపల్లి వారి వంశాంకురం వణుకుతూ చేసుకొను విన్నపము.

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ అట్లాంటాలో తెలుగువాళ్ల పిక్నిక్‌కి ఎవరొచ్చినా నువ్వు ముందు ఇంటిపేరు అడిగేదానివి. నాకు నచ్చిన శారద కూడా కొత్తపల్లి వారమ్మాయేనని తేలగానే, "ఒకే ఇంటిపేరు, అన్నాచెల్లెళ్లురా!" అని తీర్పు చెప్పేశావు. ఆ పిల్ల ఇప్పటికీ నన్ను అన్నయ్యా అనే పిలుస్తోంది.

ఇప్పుడు నాతో చదివే కేథరిన్ నెవిల్‌ని పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాను. తెల్లవాళ్ల పిల్ల కనుక ఆ గండం ఉండదని ధీమాగా వాళ్లింటికి డిన్నర్‌కి వెళ్లాను. వాళ్ల నాన్న వంశచరిత్ర విప్పారు. వాళ్లది ఇంగ్లండట. అంతకుముందు, తొమ్మిది వందల ఏళ్ల కిందట, ఫ్రాన్సులోని నార్మండీ నుంచి సైన్యంతో అక్కడికి వచ్చారట. నెవిల్ అన్నది నార్మండీలో వాళ్ల ఊరి పేరట.

"ఆ పేరుకి అర్థమేంటండీ?" అన్నాను.

"ఫ్రెంచిలో కొత్త ఊరని."

నా చేతిలో ఫోర్కు జారిపోయింది. కొత్తపల్లే కదా, నాయనమ్మా!

ఇవాళ నీ సంవత్సరీకం భోజనాలయ్యాక నాన్నకి పెళ్లి సంగతి చెప్పాను. ఆయన అరవలేదు. అచ్చం నీలాగే, "ఇంటిపేరేంట్రా?" అన్నారు.

"నెవిల్."

"మనది కాదుగా?"

"కాదు నాన్నా," అన్నాను.

దండ వేసిన ఫొటోలోంచి నువ్వు నన్నే చూస్తున్నావు. నీ కాళ్లు పట్టుకుంటాను, ఆయన కలలోకి మాత్రం వెళ్లకు. నా కలలోకి వచ్చి ఎంత తిట్టినా సరే.