చూడకుండా పెట్టిన సంతకం

అక్కా, వందనాలు. ఈసారి క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆసుపత్రిలో లిఫ్టు తాడు తెగి ఆయా కాలు విరిగింది. తాళ్లు రోజూ చూసి పుస్తకంలో సంతకం పెట్టడం నా పని. నేనేమో వారానికి సరిపడా సంతకాలు సోమవారమే పెట్టేస్తాను. ఆ వారం తాళ్లు చూడనేలేదు. సంతకాలున్నాయి కాబట్టి నన్నెవరూ అడగలేదు. ఎక్కువమందిని ఎక్కించావంటూ లిఫ్టు నడిపే పెద్దాయన్ని పనిలోంచి తీసేశారు.

ఆయనది మా చర్చే. ఆదివారం ఆయన భార్య లేచి, "మా ఆయన ఏ తప్పూ చెయ్యలేదండీ, ప్రార్థించండి" అని ఏడ్చింది. పాస్టరుగారు నావైపు తిరిగి, "అక్కడే పనిచేస్తావుగా, నువ్వే చెయ్యి బాబూ" అన్నారు.

అవునంటే అవును, కాదంటే కాదు అనమన్న ప్రభువు మాటను సండేస్కూల్లో పిల్లలచేత కంఠతా పట్టించేది నేనే. లేచి, "ప్రభువా, నిజం బయటపెట్టు" అన్నాను. అందరూ ఆమేన్ అన్నారు.

నోరు మూసుకుని ఉండొచ్చని చెప్పే వాక్యం ఒక్కటైనా ఉంటే రాయి అక్కా. బైబిలంతా తిరగేశాను, నాకు దొరకలేదు.

ఇందాక ఆవిడ మా గుమ్మంలోకి వచ్చింది. "నీ ప్రార్థన ఊరికే పోదు బాబూ" అంటూ నా కుడిచెయ్యి కళ్లకద్దుకుంది.

ఆ సంతకాలు పెట్టిన చెయ్యి అక్కా అది.

నీ తమ్ముడు