తలుపు లేని ప్లాస్టిక్ గోడ

చక్రాల ఇళ్ల పార్కు మేనేజరు హోస్కిన్స్ గారికి,

మా మొబైల్ హోమ్ కింద చక్రాలు కనబడుతున్నాయని, చుట్టూ నేల దాకా పలకలు బిగించకపోతే పార్కు ఖాళీ చేయాలని మీరు నోటీసు అంటించారు కదా. శనివారం బిగించేశాం. రేకైతే చవక, గట్టిది కూడా. మీరు రాతిగోడలా కనబడే ప్లాస్టిక్కే ఉండాలన్నారు, అదే తెచ్చాం. చలికి గొట్టాల్లో నీళ్లు గడ్డకడితే లోపలికి దూరడానికి చిన్న తలుపు పెడతానని మా ఆయన డెల్బర్ట్ అంటే, మీరు "తలుపు పెడితే గోడ అందం పోదూ? గాలికి ఒక జాలీ ఉంటే చాల్లే" అన్నారు. అందం సంగతి మీకు తెలిసినట్టు మాకేం తెలుస్తుంది. సరేనన్నాం.

ఆదివారం మీరు మా గుమ్మం ముందు నిలబడి, "నా పిల్లిని ఏం చేశావయ్యా, నిజం చెప్పు" అని పార్కంతా వినేలా డెల్బర్ట్‌ను నిలదీశారు. ఆయన నోరు మంచిది కాదు గనక నేనే లోపలికి లాక్కెళ్లాను.

సోమవారం నుంచి మా నేల కింద ఏదో అరుస్తోంది. జాలీలోంచి టార్చి వేసి చూశాను. అందులోంచే కోడి ముక్కలు, నీళ్లు అందిస్తున్నాను. ఒక్క పలక ఊడదీయాలన్నా మీ రాతపూర్వక అనుమతి ఉండాలని నోటీసులో ఉంది. మేం రూలు తప్పే మనుషులం కాము.

అనుమతి తీరిగ్గానే పంపండి, మాకేం తొందర లేదు. లోపలున్నవాడి మెడపట్టీ మీద మాత్రం మీ ఫోన్ నంబరుంది.

ఇట్లు,
మూడో వరుసలో చివరి ఇంటావిడ