డాల్ఫిన్ మనుషుల వాన

ధర్మవరం, 1961 మే, ఆదివారం రాత్రి

మా చిన్నమ్మాయి రత్న రాసిన కథను ఈరోజు మగ్గం ఆపి మరీ విన్నాను. సముద్రంలో ఊళ్ళు కట్టుకుని బతికే డాల్ఫిన్ మనుషుల కథ. ఎంత తెలివి, ఎంత మర్యాద! ఉప్పు సముద్రంలో తాగే నీళ్ళకు వానే దిక్కు కాబట్టి, అది వస్తే ముసలివాళ్ళను వీపుల మీద పైకి మోసుకొచ్చి, ముందు వాళ్ళ నోట చినుకు పడనిస్తారట.

"డాల్ఫిన్లు వాన్నీళ్ళకు కాచుకోవంట నాయనా. టీచరమ్మ నగింది. చించేస్తా."

"చించు చూస్తా! ముసలోళ్ళకు ముందర తాపినావు గదమ్మా, ఆ బుద్ధి యాడ నేర్చినావు?"

కథను పిల్లల పత్రికకు పంపుదామని ఒప్పించాను. ఆ పత్రికవాళ్ళూ నవ్వితే పిల్ల మళ్ళీ రాస్తుందో లేదో...

ఇప్పుడు శుభ్రంగా తిరగరాస్తోంది. లాంతరు దాని వైపే జరిపాను. నా అక్షరాలు వంకరపోతే పోనీ.