నచ్చిందన్న పాపానికి

మధురానగర్, శనివారం రాత్రి

రేపు కళ్లజోడు పెట్టుకుని దీన్ని చదివే నేనే ఈ కోడిగీతలకూ, తప్పులకూ నన్ను మన్నించాలి. విసుగులో చెయ్యి కుదరడం లేదు.

అల్లుడు పంజాగుట్టలో ఫైటింగు సినిమాకు తీసుకుపోయాడు. హీరో పోలీసు. దొంగల నాయకుడెవరో అతనికి చివరిదాకా తెలియదు. పై అధికారేనని నాకు మొదటి పాటకే తెలిసిపోయింది. కడుపులో కత్తి దిగినవాడు ఆ వెంటనే పాటలో గంతులేశాడు. కథ లేదు, కార్లు ఎగరడమే.

ఇంటర్వెల్‌లో సమోసా చేతిలో పెట్టి, "ఎట్లుంది మామా?" అన్నాడు అల్లుడు.

బాగాలేదని అల్లుడితో ఎట్లా అనను? "మస్తుంది" అన్నాను.

వచ్చేటప్పుడు అమీర్‌పేటలో బండి ఆపి, బోరబండలో ఉండే నా దోస్తు యాదగిరికి ఫోన్ చేశాడు. "మామకు మస్తు నచ్చింది. రేపు మల్ల పోతున్నం, నువ్వు సుత రావాలె."

యాదగిరి నాలాగ నోరు మూసుకునే మనిషి కాదు. "గిందుల ఏం సూసి నచ్చిందన్నవ్‌రా?" అని అల్లుడి ముందే అడుగుతాడు. అల్లుడి మొహం చిన్నబోతుంది. ఇక నన్ను ఎక్కడికీ పిలవడేమో. సినిమా సంగతి అట్లా ఉంచితే, ఆ బండి వెనక కూర్చుని ఊరు చూడడం నాకు ఇష్టం.

నిజం చెప్పాలా, కడుపునొప్పి అనాలా? పొద్దున ఇది చదవగానే, అల్లుడు లేచేలోగా జవాబు చెప్పు.